దొర విసిరిన సిక్క

కుంకుడు రసం నురగ, దాని వెనకే కాలిన లోహం వాసన. పోయిన వారం గోదావరిఖనిలో ఒక వెండి దుకాణం మెట్లెక్కుతుండగా ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలాయి. మా అమ్మాయి పట్టీకి ఊడిపోయిన మువ్వ వేయించడానికి వెళ్లాను. గుమ్మం పక్కన కూచున్న పనివాడు గిన్నెలో పాత వెండి బిళ్లలు వేసి బ్రష్షుతో తోముతున్నాడు. నల్లటి మడ్డి కరుగుతుంటే ఒక్కో బిళ్ల మీద చార్మినార్ బయటపడుతోంది. నాలుగు మినార్లు, మధ్యలో కమాను, ఆ కమానులో రాజు పేరులోని మొదటి అక్షరం, చుట్టూ అతని బిరుదులు.

దుకాణదారు నా చూపు కనిపెట్టాడు. "నిజాం సిక్కలు మేడం. కొక్కెం అతికి లాకెట్ చేసిస్తం. ఇప్పుడు మస్తు నడుస్తున్నయి. మన రాజముద్ర మెడల ఉంటే ఆ దర్జానే వేరు."

"ఎవరి దర్జా?" అన్నాను.

పరాచికమనుకొని నవ్వాడు. నేను నవ్వలేదు. మువ్వ వేయించుకోకుండానే పట్టీ తీసుకొని బయటికి వచ్చేశాను. ఎండలో కొంత దూరం నడిచినా మనసు చల్లబడలేదు. వెండి బిళ్లను చూస్తే ఇంత కోపం రావడమేమిటని ఎవరైనా అడిగితే నర్సమ్మ టీచర్ గురించి చెప్పాలి. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పడం అంత తేలిక కాదు. ఎక్కడ మొదలుపెట్టినా కోపం దగ్గరికే చేరతాను.

ఆమె మా ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బడి బొగ్గుగని కార్మికుల క్వార్టర్ల మధ్య ఉండేది. మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలు గజగజలాడేవి, బల్లల మీద సన్నటి నల్లపొడి రాలేది. నర్సమ్మ టీచర్ పొడుగ్గా, నల్లగా, గంజి పెట్టిన నూలు చీరలో నిటారుగా ఉండేది. ఆమెకు పిల్లలు పెట్టిన పేరు కోపం టీచర్. అయితే ఆ కోపం వచ్చే చోట్లు వేరు. హోంవర్కు చేయకపోతే ఏమీ అనేది కాదు, పక్కన కూచోబెట్టుకొని చేయించేది. ఎనిమిదో తరగతిలో మొదటిరోజు అందరినీ వాళ్ల నాన్నలు ఏం చేస్తారని అడిగింది. నా వంతు వచ్చినప్పుడు, "మా నాన్న ఉత్త కోల్ ఫిల్లర్ టీచర్" అన్నాను. గనిలో తట్టతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపే పని ఆయనది. నా వెనక క్లర్కు కూతురు ఉందని సిగ్గుపడి ఉంటాను.

టీచర్ సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "ఉత్త ఏంది? ఆ ఉత్త అనే మాట నీకు ఎవరు నేర్పిన్రు?"

ఆమె పైన తిరుగుతున్న ఫ్యాను వైపు వేలు చూపింది.

"మీ నాయిన బొగ్గు నింపకపోతే ఈ ఫ్యాను తిరగదు. ఇంకోసారి ఆ మాట నా క్లాసుల ఇనపడద్దు. నీ మీద గాదు నా కోపం. నేర్పినోళ్ల మీద."

నా మీద కాదన్న సంగతి ఆ వయసులో నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. మా నాన్న విని, "టీచరమ్మ మంచిదే గద" అని ఒక్కమాట అని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన నడక కొంచెం మారినట్టు నాకు తోచింది.

తొమ్మిదో తరగతిలో రాజుల పాఠం వచ్చినప్పుడు ఆమె కొంగు ముడి విప్పి ఒక సిక్క తీసింది. దాన్ని మా చేతుల్లో పెట్టి వరసగా అందించమంది. బరువుగా, చల్లగా ఉంది. నేను అంతవరకు వెండి రూపాయి ముట్టుకోలేదు. ఎలా ఉందో చెప్పమంటే, "మంచిగుంది టీచర్, చార్మినార్ ఎంత సక్కగ చెక్కిన్రో" అన్నాను.

"అవును, మంచిగుంది. చెక్కినోడు పనిమంతుడే. తెల్లదొరల ముద్రల మీద సింహాలు, గుర్రాలు, కిరీటాలు ఉంటయి. ఈయన చార్మినార్ పెట్టుకుండు. నడుమ దర్వాజల తన అక్షరం పెట్టుకుండు. చూసినోడు ఈ ఇల్లు ఎవరిదని అడిగే పని లేకుంట." సిక్కను తిరిగి తీసుకొని అరచేతిలో మూసింది. "ఇప్పుడు ఇది మా ఇంట్లకు ఎట్ల ఒచ్చిందో ఇనున్రి."

కమాన్‌పూర్ దగ్గర ఒక ఊళ్లో వాళ్లది చాకలి ఇల్లు. ఆ ఊరు తరవాత బొగ్గు తవ్వకంలో పోయింది. అప్పట్లో ఊరి నడుమ కోటలాంటి దొర గడీ ఉండేది. చాకలి, మంగలి, కుమ్మరి అనకుండా అందరూ గడీకి వెట్టి చేయాలి, కూలి ఉండదు, కాదనడానికి ఉండదు. టీచర్ వాళ్లమ్మ పోచవ్వకు తొలి కాన్పై కొద్దిరోజులే అయింది. మగపిల్లవాడు. అప్పుడే గడీలో దొర బిడ్డ పెళ్లి వచ్చిపడింది.

"మా అమ్మ బాలింతనని చెప్పింది. ఇనలే. పసిపిల్లగాన్ని లోపటికి తేవద్దన్నరు. పొద్దుగాల పోయింది. పసుపు దంచింది, బట్టలు పిండింది, అంట్లు తోమింది. పాలు చేపుకొచ్చి రవికె తడిసిపోతుంటే, ఒక్కపారి ఇంటికి పోయి పాలిచ్చొస్త దొరసానీ అని కాళ్లు మొక్కింది. పోనియ్యలే. రాత్రి ఆన్నే పండబెట్టిన్రు. తెల్లారి గూడ పోనియ్యలే. ఇంట్ల మా నాయినమ్మ చక్కెర నీళ్లు పట్టింది. పిల్లగాడు ఎంతసేపని ఆగుతడు?"

ఆమె అరచెయ్యి తెరిచి సిక్కను మాకు చూపింది.

"పిల్లగాడు పోయిండు. మా నాయిన గడీ ముంగట నిలబడి ఏడ్చిండు. దొర కుర్సీల కూసోని ఈ సిక్క తీసి మట్టిల ఇసిరిండు. 'తీస్కపోరా, లగ్గం పూట ఏడుపులద్దు' అన్నడు. మా అమ్మ వంగి ఏరుకుంది. ఏరుకోకపోతే మా నాయినను కొడుతరు గనక ఏరుకుంది. ఎనక కరువులు ఒచ్చినయి. గంజి లేని రోజులు ఒచ్చినయి. దీన్ని మార్చలే. ఎందుకే అమ్మా అంటే, 'అది ఖర్చయితే ముచ్చట ఒడిసిపాయె అనుకుంటరు' అన్నది."

ఆమె కళ్లలో నీళ్లు లేవు. ఆ గొంతును కోపం తప్ప ఇంకో పేరుతో పిలవలేను. పక్క తరగతి సారు తలుపు దగ్గరికి వచ్చి, పిల్లలకు ఇవన్నీ ఎందుకు మేడం, సిలబస్ పూర్తి చేయండి అన్నాడు. "గిదే సిలబస్ సార్" అని ఆమె తలుపు వేసింది.

పోచవ్వను నేను మొదట మా ఇంటి గడప దగ్గర చూశాను. మా అక్క పురిటికి వచ్చి బాబును కన్నది. నర్సమ్మ టీచర్ క్వార్టర్లలో మా పక్క లైన్లోనే ఉండేది, వాళ్లమ్మ కూడా ఆమె దగ్గరే. ఒకరోజు ఆ ముసలామె మెత్తటి పాతచీర ముక్కలు మడతపెట్టుకొని వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి, "పేరు పెట్టిన్రా?" అని అడిగింది.

"ఇరవై ఒకటో రోజుకు పెడతం అవ్వా" అంది మా అమ్మ.

"జల్ది పెట్టున్రి బిడ్డా. ఏదో ఒకటి పెట్టున్రి. ఊకె పిలిచినా పెట్టినట్టే."

బట్టలు గడప మీద పెట్టి వెళ్లిపోయింది. ఆమె బిడ్డ పేరు పెట్టకముందే పోయాడని టీచర్ నాకు తరవాత చెప్పింది. అన్నేళ్లుగా ఆమె ఆ కొడుకును పిలుచుకోవడానికి ఒక మాట లేకుండా బతికింది. ఆ సంగతి తెలిసిన రోజు, పాఠం విన్నప్పుడు రాని కోపం నాకు వచ్చింది. దొరను నేను చూడలేదు, ఆయన ఎప్పుడో చచ్చిపోయాడు. అయినా వచ్చింది.

కాలం నడిచింది. నేను డిగ్రీ చదివి ఒక పత్రికకు గోదావరిఖని నుంచి వార్తలు రాసే పనిలో చేరాను. తెలంగాణ ఉద్యమం మా ఊరిని ఊపేస్తున్న రోజులు. గనులు బందయ్యాయి, రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వండుకు తిన్నారు. నర్సమ్మ టీచర్ రిటైర్మెంటుకు దగ్గరపడింది, మోకాళ్ల నొప్పులు. అయినా దీక్ష టెంటులో ముందు వరసలో కూచునేది. నినాదం ఇస్తే మా గొంతులన్నీ ఆమె గొంతు వెనక నడిచేవి.

ఆ ఊపులోనే ఫంక్షన్ హాల్లో ఒక ప్రదర్శన పెట్టారు. మన చరిత్ర, మన వారసత్వం అన్నారు. పెట్టించింది ఆ దొర మనవడు. పెద్ద కాంట్రాక్టరు, అప్పటికే ఉద్యమ నాయకుడు, అందరూ చిన్నదొర అనే పిలిచేవారు. కత్తులు, పల్లకి, గడీ తలుపులు, సిక్కలు తెచ్చిపెట్టాడు. నర్సమ్మ టీచర్ దగ్గర సిక్క ఉందని తెలిసిన హెడ్మాస్టరు వచ్చి అడిగాడు. ఆమె ఇచ్చింది. నేను ఆశ్చర్యపోతే, "ఇన్నేండ్లు నా సందుగ పెట్టెల ఉన్నది. నలుగురు సూడాలె గద" అంది. సిక్కతోపాటు తన చేత్తో రాసిన రెండు వాక్యాలు కూడా ఇచ్చింది. గడీలో వెట్టి చేస్తుండగా పోచవ్వ పసిబిడ్డ పాలు లేక చనిపోయాడు, దొర ఆమె ముందు ఈ సిక్క విసిరాడు. అంతే. ఆ రెండు వాక్యాలూ సిక్క పక్కన పెడతామని హెడ్మాస్టరు మాటిచ్చాడు.

ప్రారంభం రోజున ఆమె వాళ్లమ్మను ఆటోలో తీసుకొచ్చింది. పోచవ్వ కొత్తచీర కట్టుకుంది. నేను కెమెరాతో వెళ్లాను. అద్దాల పెట్టెలో ఎర్ర మఖ్మల్ మీద సిక్క తళతళలాడుతోంది, ఎవరో బాగా తోమించారు. కింద అచ్చు వేయించిన అట్ట ఉంది. తమ గడీలో సేవలందించిన కుటుంబానికి దొరగారు ప్రేమతో బహూకరించిన వెండి నాణెం అని రాసి ఉంది. దాని కింద, చార్మినార్ రాజముద్ర సొగసు చూడండి అని ఇంకో వాక్యం.

టీచర్ చదివింది. మళ్లీ చదివింది. పోచవ్వకు చదువు రాదు. "ఏం రాసిన్రు బిడ్డా?" అని అడిగింది.  టీచర్ పైకి చదివి వినిపించింది.

పోచవ్వ తల కొంచెం పక్కకు వంచి విన్నది. "ప్రేమతోనా?" అంది.

 అంతలో దండలతో, ఫోటోగ్రాఫర్లతో చిన్నదొర వచ్చాడు. ముసలామె ఎవరో పక్కవాళ్లు చెవిలో చెప్పారు. ఆయన ముఖమంతా నవ్వు చేసుకొని, ఫోటోలకు వీలుగా పక్కకు జరిగి, ఆమె కాళ్లు ముట్టుకోవడానికి వంగాడు. పోచవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

"నా కాళ్లు ముట్టకు."

"అదేందవ్వా, నీ ఆశీర్వాదం కావాలె."

"మీ తాత ఈ సిక్కను మట్టిల ఇసిరిండు. నేను వంగి ఏరుకున్న. నా రొమ్ములల్ల పాలు కారుతుండె, తాగెటోడు లేకుండె. గా ముచ్చట రాయి ఆడ."

ఆయన నవ్వు చెదరలేదు. "పాత ముచ్చట్లవ్వా. అప్పటి కాలం అసొంటిది. ఇప్పుడు మనమంతా ఒక్కటే గద. తెలంగాణ రానియ్యి, అన్నీ మాట్లాడుకుందాం."

హెడ్మాస్టరు టీచర్ పక్కకు చేరాడు. "మేడం, ఇది సందర్భం కాదు. ఇప్పుడు మనలో మనం అనుకుంటే బయటోళ్లు నవ్వుతరు."

"సందర్భం ఎప్పుడొస్తది సార్? నా తల్లి సచ్చినంకనా?" ఆమె గొంతు హాలంతా వినబడింది. "తెలంగాణ నాది గాదా? రోడ్డు మీద నేను కూసోలేదా? నాది గనకనే అడుగుతున్న. ఆ అట్ట తీసి నేను రాసింది పెట్టున్రి. లేకుంటే నా సిక్క నాకియ్యున్రి."

అట్ట తీయలేదు. పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదన్నారు. అందరూ అద్దం పగలగొడుతుందేమోనని చూశారు. ఆమె ఒక కుర్చీ లాగి వాళ్లమ్మను పెట్టె పక్కన కూచోబెట్టింది. తాను నిలబడింది. "మీరు రాసింది మార్చరు గద. నేను ఈన్నే ఉండి చెప్త" అంది.

చెప్పింది. వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పింది. అట్ట మీద వేలు పెట్టి ఇది అబద్ధం అని చెప్పి, అసలు సంగతి చెప్పేది. చిన్నదొర ఉపన్యాసం ఇస్తుంటే మైకు మోతలో ఆగి, మోత తగ్గగానే మళ్లీ అందుకునేది. మొదటి షిఫ్టు దిగిన కార్మికులు బొగ్గు బట్టలతోనే రావడం మొదలైంది. పల్లకిని, కత్తులను చూడటం మానేసి అందరూ ఆ పెట్టె దగ్గర గుమిగూడారు. ఒక ముసలి కార్మికుడు తువ్వాల నోటికడ్డం పెట్టుకొని ఏడ్చాడు. "మా అవ్వ గూడ గట్లనే చేసింది బిడ్డా, మాకు సిక్క గూడ ఇయ్యలే" అన్నాడు. సాయంత్రం కాకముందే తాళంచెవి దొరికింది. సిక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఇక వెళ్లమన్నారు.

ఆ రాత్రే అంతా రాసి పంపాను. పొద్దున పత్రిక తెరిస్తే లోపలి పేజీలో మూడు వాక్యాలు. ప్రదర్శనలో స్వల్ప వాగ్వాదం, పెద్దల జోక్యంతో సద్దుమణిగింది. ఎవరి పేరూ లేదు. డెస్కుకు ఫోన్ చేసి అరిచాను. "ఇప్పుడు మనోళ్లను మనమే తిట్టుకుంటమా?" అని జవాబు వచ్చింది. పత్రిక పట్టుకొని టీచర్ ఇంటికి వెళ్లాను. ఆమె ఆ మూడు వాక్యాలు చూసి పక్కన పడేసింది.

"నువ్వు రాసింది ఇదేనా?"

"కాదు టీచర్."

"నువ్వు రాసింది చూపెట్టు."

చూపించాను. తొమ్మిదో తరగతి పేపరు దిద్దినట్టు ఎర్రపెన్ను తీసి చదివింది. గడీవారి నిర్లక్ష్యం వల్ల పసిబిడ్డ మరణించాడు అని రాసిన చోట ఆగింది. "నిర్లక్ష్యం ఏంది? చూసుకోకపోతే నిర్లక్ష్యం. పాలున్న తల్లి కాళ్లు మొక్కితే పోనియ్యలే. అది తెలిసి చేసిన పని. దాన్ని ఏమంటరు?"

"చంపడం అంటరు."

"మరి గట్ల రాయి."

కొద్దిరోజులకే ఆమెకు బదిలీ వచ్చింది. అడవి అంచున, బస్సు సరిగా పోని ఊరికి. రిటైర్మెంటు ముందర, ముసలి తల్లితో, నొప్పి మోకాళ్లతో. పరిపాలనా కారణాలు అన్నారు. ఆపడానికి ఎవరూ ముందుకు రాలేదు. టెంటులో ఆమె వెనక నినాదాలిచ్చిన ఉపాధ్యాయ నాయకులు కూడా రాలేదు. వాళ్లలో కొందరిని ఇప్పటికీ పెళ్లిళ్లలో కలుస్తుంటాను. నమస్కారం పెడతారు. నేను తిరిగి పెట్టను.

పోచవ్వ ఆ అడవి ఊళ్లోనే, రాష్ట్రం రాకముందే పోయింది. నేను వెళ్లేసరికి అరుగు మీద పడుకోబెట్టారు. నొసట రూపాయి బిళ్ల పెట్టే సమయం వచ్చింది. కుటుంబంలో పెద్దాయన ఒకడు, "ఎనకటి సిక్క ఉన్నది గద నర్సా, గది పెట్టు. రాజుల నాటిది. ముసల్దానికి గౌరవముంటది" అన్నాడు.

నర్సమ్మ టీచర్ అంతవరకు నేల చూస్తూ కూచుంది. చప్పున లేచింది. "ఆ ముద్ర నా తల్లి నొసటికి రానియ్య. బతికినన్ని రోజులు మోసింది సాలదా?" తన పర్సు తీసి అందులోంచి మామూలు రూపాయి బిళ్ల, బజారులో చెల్లేది, తీసి తల్లి నొసట పెట్టింది. పెట్టిన చేతిని చాలాసేపు అక్కడే ఉంచింది. ఆమె ఏడవడం అప్పుడు చూశాను.

రాష్ట్రం వచ్చింది. గోదావరిఖనిలో రంగులు, బాణాసంచా. వేదిక మీద గులాబీ కండువాతో చిన్నదొర నడిమి కుర్చీలో ఉన్నాడు. ఆ ఫోటో నేనే తీయాల్సి వచ్చింది. కడుపు మండి టీచర్‌కు ఫోన్ చేశాను. ఆమె గొంతు హుషారుగా ఉంది. బడి పిల్లలకు మిఠాయి పంచానని చెప్పింది.

"మీకు సంతోషంగ ఉందా టీచర్? ఆడ కుర్చీల ఎవరు కూసున్నడో తెలుసా?"

"తెల్వక ఏంది. సంతోషం సంతోషమే, కోపం కోపమే. ఒకటి ఒస్తే ఇంకోటి పోవాల్నా? రెండూ ఉంచుకో."

ఆ మాటన్న తరవాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. సిక్క ఆమె చెల్లెలి కూతురి దగ్గరుంది. ఆ పిల్ల కూడా టీచరే, ఏడాదికోసారి దాన్ని క్లాసులో పిల్లల చేతుల్లో తిప్పుతుందని విన్నాను. నేను అడగలేదు, నాకు అక్కర్లేదు.

నేను ఇప్పుడు జిల్లా డెస్కులో పనిచేస్తున్నాను. మేడమ్‌కు కోపమెక్కువ అని వెనక అనుకుంటారు, బీపీ మాత్రలు వేసుకోమని ఎదుటే చెబుతారు. మొన్న ఒక వార్త వచ్చింది. కాలువ తవ్వుతుండగా ప్రమాదవశాత్తు మట్టిపెళ్లలు విరిగిపడి కూలీ మృతి. మనిషి పేరు చివరి వాక్యంలో ఉంది. పంపిన కుర్రాడికి ఫోన్ చేశాను.

"అంత లోతు గుంతలకు ఎవరు దిగమన్నరు? మట్టి కూలకుంట అడ్డం చెక్కలు పెట్టిన్రా?"

"పెట్టలేదట మేడం. కూలీలు భయపడి మేం దిగం అన్నా కాంట్రాక్టరు తిట్టి దింపిండట."

"మరి ప్రమాదవశాత్తు ఏంది?"

"పేజీ టైమ్ అయిపోతుంది మేడం."

"కానియ్యి. దింపినోని పేరు కనుక్కొని పంపు."

పేజీ ఆలస్యంగా వెళ్లింది. నాకు మెమో వచ్చింది. ఆ వార్త మొదటి వాక్యంలో చచ్చిపోయినవాడి పేరు ఉంది, రెండో వాక్యంలో అతన్ని గుంతలోకి దింపిన కాంట్రాక్టరు పేరు ఉంది.